కత్తెర మలుపులో కళ్ళెం

ఇంజనీరు చచ్చిపోయే ముందు నవ్వుతున్నాడట. రోడ్డు పక్కన గడ్డి కోసుకుంటున్న ఆడమనిషి చెప్పిన మాట ఇది.

కొండ దిగే దారి. తను తయారుచేసిన మోటార్ సైకిల్. దాని ట్యాంకు కింద తను కనిపెట్టిన పెట్టె. ఆ పెట్టె మీద నమ్మకంతో రెండు చేతులూ గాల్లోకి ఎత్తి మరీ దిగుతున్నాడు. బ్రేకు పట్టక్కర్లేదు, గేరు మార్చక్కర్లేదు. పల్లం వస్తే పెట్టే చూసుకుంటుంది, ముప్ఫై దాటనివ్వదు. ఆ పూట కూడా పెట్టే చూసుకుంది. కత్తెర మలుపు దగ్గరికి వచ్చేసరికి, తగ్గాల్సిన వేగం వెనకనుంచి ఎవరో తన్నినట్టు పెరిగింది. దారి ఎడమకు తిరిగింది. ఇంజనీరు తిన్నగా వెళ్ళిపోయాడు.

పక్కన గోడ లేదు. ఉండుంటే ఈ కథే లేదు.

"బయటికి యాక్సిడెంట్ అని చెప్పాం," అన్నాడు హెడ్మాస్టర్.

హెడ్మాస్టర్ అంటే బడి పంతులు కాదు. రహస్య విభాగం చీఫ్. మాట్లాడేటప్పుడు చెక్క స్కేలుతో టేబుల్ మీద కొడుతుంటాడు కాబట్టి ఆ పేరు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ కోడ్ నేమ్ నత్త. తలలో సగం వెంట్రుకలు, ఒంట్లో సగం ఓపిక డిపార్ట్‌మెంట్‌కి ధారపోసి, ఇప్పుడు వాచిన ఎడమ దవడలో లవంగం పెట్టుకుని కూర్చున్నాడు.

"లోపల?" అన్నాడు నత్త.

"మర్డర్. పెట్టెలో మనది కాని చిప్ ఒకటి దొరికింది. గోరంత ఉంది. రేడియో సిగ్నల్ తగిలితే పెట్టె తిరగబడుతుంది. బ్రేకులు వదిలేస్తుంది, యాక్సిలరేటర్ తెరుస్తుంది."

"వర్తకులా?"

"ఇంకెవరు?"

వర్తకులంటే సరిహద్దు అవతలి ముఠా. పైకి కంపెనీ, లోపల వాళ్ళ ప్రభుత్వం. వాళ్ళూ ఇలాంటి పెట్టే తయారు చేస్తారు. తమ సరుకు అమ్ముకోవాలంటే ఎదుటివాడి సరుకు బాగాలేదని చెప్పడం మామూలు వ్యాపారం. ఎదుటివాడి సరుకు మీద మనుషుల్ని కూర్చోబెట్టి చంపడం వర్తకుల వ్యాపారం.

"చిప్ మార్చాలంటే పెట్టెలున్న గోడౌన్ తలుపు తెరవాలి. దానికి పాస్‌వర్డ్ ఉంది," అన్నాడు హెడ్మాస్టర్. "అది ఇంజనీరుకి ఒక్కడికే తెలుసు. పెళ్ళానికి కూడా చెప్పని మనిషి. ఎలా పొక్కిందో అర్థం కావట్లేదు."

"శవం మీద ఏమైనా?"

"జేబులో తాళాలు, రుమాలు. నోట్లో ఒక దూది ముక్క. నీలాగే పంటి బాధ మనిషట." స్కేలు టక్కుమంది. "అసలు సంగతి విను. ప్రాజెక్ట్ కళ్ళెం డెమో మంత్రి ముందు జరగబోతోంది. కొండమీది డిపో నుంచి తపాలా రైడర్లు తొమ్మిది మంది ఈ పెట్టెలతో వరసగా కిందికి దిగాలి. వర్తకులు దెబ్బ కొడితే అక్కడే, కెమెరాల ముందే కొడతారు."

"పెట్టెలన్నీ విప్పి చూసేదాకా వాయిదా వెయ్యండి."

"మంత్రి ఇచ్చిన డేటు. కొండనైనా జరపొచ్చు, దాన్ని జరపలేం."

"ముందు బండి ఎవరిది?"

హెడ్మాస్టర్ స్కేలు పక్కన పెట్టాడు. అది మంచి సూచన కాదని నత్తకి తెలుసు.

"నీ బావమరిదిది."

నత్త దవడలో లవంగం పటుక్కున విరిగింది. వాడు భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయాక ఆమే చంకనేసుకుని పెంచింది. ఆమె మొగుణ్ణి చీరలడగలేదు, సినిమాలడగలేదు. అడిగేది ఒక్కటే: "వాణ్ణి ఆ కొండమీంచి దింపి, కింద ఏదైనా ఉద్యోగంలో పడెయ్యండి." ఎన్నో దేశాల్లో ఎవరెవరినో తప్పించాడు కానీ, ఆ పని మాత్రం చెయ్యలేకపోయాడు.

మేకప్ సెక్షన్ వాళ్ళు అతణ్ణి ఎగాదిగా చూశారు. "విసిగిపోయిన ట్రైనింగ్ ఇన్‌స్పెక్టర్ వేషం కదా సార్? మేం చెయ్యాల్సింది ఏమీ లేదు, ఇలాగే వెళ్ళండి," అన్నారు. జాలిపడి ఒక మీసం ఇచ్చారు. స్టోర్స్ వాళ్ళు రెండు పరికరాలిచ్చారు. ఒకటి, దగ్గర్లో రేడియో సిగ్నల్ ఉంటే చేతిమీద జుమ్మనే గడియారం. రెండోది, మత్తు సూదిని పేల్చే పెన్ను.

*

డిపో అంటే రేకుల షెడ్డు. నేలంతా ఆయిల్ మరకలు, గోడకి వేలాడే రెయిన్‌కోట్లు, మూలన ఉత్తరాల సంచులు. వరసగా తొమ్మిది బండ్లు. నత్త గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, బక్కపలచగా గాలికి ఎగిరిపోయేలా ఉన్న కుర్రాడొకడు చేతిలో స్పానర్ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. గాలిపటం అని వాడికి పేరు పెట్టినవాడికి దణ్ణం పెట్టాలి.

"ఏంటి బావా, మీసం పెంచావ్? అక్క చెప్పనే లేదే!"

మారువేషం ఆయుష్షు అంతే. మధ్యాహ్నానికల్లా డిపో మొత్తం అతణ్ణి బావగారనడం మొదలుపెట్టింది. దేశ రహస్యాలు మోసే మనిషికి అంతకంటే అవమానం లేదు. అంతకంటే మంచి కవరూ లేదు. మీసం తీసి జేబులో పెట్టుకున్నాడు.

పెట్టె పనితీరు చెప్పడం అతని పైకి కనిపించే ఉద్యోగం. అందులో ఒక చిక్కుంది. తాళం ఆన్‌లో ఉన్నంతసేపే పెట్టె బతికుంటుంది. తాళం తీస్తే కరెంటు పోతుంది, పెట్టె చచ్చిపోతుంది. అప్పుడు చేతి బ్రేకు, కాలి బ్రేకు, నీ అదృష్టం. ఈ కొండ రైడర్లకేమో పైన బయల్దేరగానే తాళం తీసేసే జబ్బుంది. డిపో పెట్రోల్ కొలిచి పోస్తుంది. మిగిలింది రైడర్‌ది. అందుకని ఇంజన్ ఆపి, బండిని బంతిలా దొర్లించుకుంటూ దిగుతారు. ముందున్నవాడు ట్యాంకు మీద రెండుసార్లు చరిస్తే, వెనక వరసంతా టకటకా తాళాలు తీసేస్తుంది.

ఇది కక్కుర్తి అనేవాళ్ళు ఒక్కసారి ఆ సంచి భుజాన వేసుకుని ఆ కొండ దిగి వచ్చి మాట్లాడాలి. ఆలస్యమైతే జరిమానా. పడితే సస్పెన్షన్. చస్తే దండ. గోడ కట్టమని అడిగీ అడిగీ రైడర్ల నోళ్ళు పడిపోయాయి. గోడకి నిధులు లేవన్న ప్రభుత్వమే పెట్టెకి నిధులు తెచ్చింది. గోడ మీద రిబ్బన్ కత్తిరించడం బాగుండదు మరి.

అయినా నత్త తన పని తను చేశాడు. అరిచాడు, బతిమాలాడు, బోర్డు మీద బొమ్మలు గీశాడు. ఎనిమిది మంది దారికొచ్చారు. తొమ్మిదోవాడు ఇంటివాడు.

"తాళం తియ్యకురా."

"తియ్యను బావా."

"నిన్నా ఇదే మాట అన్నావు. నిన్నా పిల్లిలా చప్పుడు లేకుండా దిగావు."

"అలవాటు బావా. చెయ్యి దానంతటదే పోతుంది. చేతికి చెవులుండవు కదా, నువ్వు చెప్పింది వినడానికి!"

"ఒట్టెయ్."

"పెట్టె మీద ఒట్టు."

"అక్క మీద వెయ్."

గాలిపటం మొహంలో నవ్వు ఆగిపోయింది. "అదేంటి బావా, అంత పెద్ద ఒట్టు?"

"చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ముందు ఒట్టెయ్యడం, ఆనక ఎవరూ చూడకుండా ఒట్టు తీసి గట్టు మీద పెట్టడం. ఈసారి ఆ వేషాలు కుదరవు. ఈ ఒట్టుకి గట్టు లేదు."

"రోడ్డుకే గట్టు లేదు, ఇంక ఒట్టుకెక్కడిదిలే," అని గొణిగి, చేతికున్న గ్రీజు ప్యాంటుకి తుడుచుకుని, బావ అరచేతిలో చెయ్యేశాడు. "అక్క మీద ఒట్టు. కింద ఆగేదాకా తాళం ముట్టుకోను. సరేనా?"

"సరే," అన్నాడు నత్త. ఎన్నాళ్ళకో ఒక పని పూర్తయినట్టనిపించింది.

*

ఆమె పేరు సెంటు. మనిషి వెళ్ళిపోయాక కూడా గదిలో ఉంటుంది, వాసనగా. నీలం కోటు, నల్లకళ్ళద్దాలు, మెడలో ముత్యాలు. హోటల్ టీ గదిలో కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చుని, కొండ పర్యటనకు వచ్చిన శ్రీమంతురాలిలా పత్రిక తిరగేస్తోంది. వర్తకుల దగ్గర జీతం తీసుకుంటుంది, హెడ్మాస్టర్‌కి కబుర్లు పంపుతుంది. ఏ కబురు నిజమో రెండు పక్కలవాళ్ళకీ తెలియదు.

నత్త ఎదుటి కుర్చీ లాక్కున్నాడు.

"దిగడానికి ఎంతసేపు పడుతుంది?" అంది ఆమె. కోడ్.

"ఎక్కినంతసేపు పట్టదు." జవాబు కోడ్.

ఆమె అద్దాలు తీసింది. కళ్ళకింద నలుపు పౌడర్‌కి లొంగలేదు. "ఇంకా ఈ ఉద్యోగంలోనే ఉన్నావా?"

"నువ్వు లేవా?"

"నేను రెండు ఉద్యోగాల్లో ఉన్నాను. నీకు రెట్టింపు అలసిపోయాను."

"చెప్పు."

"ముందు బండి పెట్టెలో చిప్ మార్చారు. సిగ్నల్ టీవీ వ్యాన్ నుంచి వస్తుంది."

"నిజమేనా?"

"నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా?"

"మూడుసార్లు. రెండోదానికి నా పక్కటెముక విరిగింది."

ఆమె కళ్ళు పక్కకి పోయాయి. పక్క టేబుల్ దగ్గర ఒకడు చాలాసేపటినుంచీ అదే టీ తాగుతున్నాడు. ఆమె గొంతు కొంచెం పెంచింది. "ఆ దవడేంటి అలా వాచింది? బజారు చివర ఉచిత దంత వైద్యం వ్యాన్ వచ్చిందిగా, చూపించుకో. మంచి డాక్టరు. నోరు విప్పని పెద్దమనుషులు కూడా అక్కడ నోరు తెరిచారు."

ఆమె వెళ్ళిపోయింది. వాసన ఉండిపోయింది.

ఎగతాళి చేసిందనుకున్నాడు నత్త. విమానంలోంచి దూకినవాడు, మొసళ్ళున్న వాగు ఈదినవాడు, పళ్ళ డాక్టరు కుర్చీ పేరెత్తితే మాత్రం అరికాళ్ళు చల్లబడతాయి. ఆ వ్యాన్ ఉన్న వీధి కాకుండా చుట్టూ తిరిగి డిపోకి వెళ్ళాడు. ఇంజనీరు పోయాక తలుపు బద్దలుకొట్టి తెరిచిన గోడౌన్లోంచి స్పేర్ పెట్టె తీయించి, దగ్గరుండి గాలిపటం బండికి బిగించాడు. ఇంక టీవీ వ్యాన్ మీద కన్నేస్తే చాలు.

తప్పు చేసేముందు మనిషికి అలాగే తేలిగ్గా ఉంటుంది.

*

డెమో రోజు ఎండ బాగా కాసింది. కొండ కింద పందిరి, కుర్చీలు, మైకు. పైన డిపో ముందు తొమ్మిది బండ్లు, కొత్త జాకెట్లు వేసుకున్న తొమ్మిది మంది. టీవీ వ్యాన్ దారి మధ్యలో, లోయంతా కనిపించే మలుపులో ఉంది. నత్త డిపోలో మూలనపడి ఉన్న పాత బండి ఒకటి వేసుకుని అక్కడికి దిగాడు. దానికి పెట్టె లేదు. ఉన్న బ్రేకు కూడా ఉందంటే ఉంది.

వ్యాన్ దగ్గర గడియారం జుమ్మంది. జుమ్మనక ఏం చేస్తుంది, టీవీ వ్యాన్ నిండా రేడియోలే. లోపలికి దూరి వైర్లన్నీ చూశాడు, కుర్చీలు ఎత్తి చూశాడు, కెమెరామన్ టిఫిన్ డబ్బా కూడా మూత తీశాడు. ఏమీ లేదు. కెమెరామన్ తిట్లు మాత్రం దొరికాయి.

పైన విజిల్ వినిపించింది. బండ్లు బయల్దేరాయి.

నత్త వ్యాన్ దిగి, ఆలోచించుకోవడానికి నాలుగడుగులు పక్కకి నడిచాడు. టీవీ వ్యాన్‌కి దూరం జరిగితే గడియారం నెమ్మదించాలి. నెమ్మదించలేదు. ఇంకా గట్టిగా కొట్టుకుంది. తలెత్తి చూశాడు. రోడ్డు పక్కన చెట్ల మధ్య తెల్ల వ్యాన్. దాని మీద నవ్వుతున్న పన్ను బొమ్మ. పైన కరెంటు స్తంభమంత ఏరియల్.

పళ్ళు పీకడానికి ఏరియల్ ఎందుకు?

అదే క్షణంలో దవడలో కత్తితో పొడిచినట్టు నొప్పి లేచింది. ఇంజనీరు నోట్లో దూది. నోరు విప్పని పెద్దమనుషులు అక్కడ నోరు తెరిచారు. ఓరి నా పిరికితనం తగలెయ్యా, అనుకుని తలుపు తన్నాడు.

లోపల తెల్లకోటు మనిషి స్టూల్ మీద కూర్చుని చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. మెత్తటి మొహం, మెత్తటి నవ్వు.

"రండి రండి. ఆ వాపు రోజూ దూరంనుంచి చూస్తూనే ఉన్నాను. ఎప్పుడొస్తారా అనుకున్నాను. కూర్చోండి."

నత్త పెన్ను తీసి గురిపెట్టి నొక్కాడు. తెల్లకోటు మీద నీలం సిరా చిమ్మింది. స్టోర్స్ వాళ్ళు పొరపాటున నిజం పెన్నే ఇచ్చారు.

పళ్ళ డాక్టరు తువ్వాలు కింద నుంచి పిస్తోలు తీశాడు. "పాపం. మీ ఆఫీసు కూడా మా ఆఫీసులాగే ఉన్నట్టుంది."

"ఇంజనీరుకి ఏం చేశావు?"

"పన్ను బాగుచేశాను. శుభ్రంగా. మత్తిచ్చాక, గోడౌన్ పాస్‌వర్డ్ ఏంటండీ అంటే పాటలా పాడి వినిపించాడు. దూది కాసేపు ఉంచుకోండి అంటే ఉంచుకున్నాడు. బుద్ధిమంతుడు."

"ముందు బండి పెట్టె నేను మార్చేశాను."

"స్పేర్‌తోనా?" డాక్టరు నిజంగానే నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "స్పేర్లు కూడా మేమే మార్చాం కదండీ. అన్నీ మార్చాం."

బయట, పైనుంచి ఇంజన్ల చప్పుడు దగ్గరవుతోంది. ముప్ఫై దాటకుండా, తాళం వేసినట్టు ఒకే లయలో. తొమ్మిది బండ్లు వ్యాన్‌ని దాటి కిందికి వెళ్ళిపోయాయి. కిటికీలోంచి గాలిపటం వీపు కనిపించి మాయమైంది.

అప్పుడు పరదా వెనకనుంచి వాసన వచ్చింది. తర్వాత స్టీల్ ట్రే వచ్చింది. డాక్టరు నడినెత్తిన ఖంగుమంది. మనిషి తన కుర్చీలోనే వెల్లకిలా పడ్డాడు. నర్సు బట్టల్లో సెంటు నిలబడి ఉంది.

"ఎవరి తరఫున కొట్టావు?" అన్నాడు నత్త.

"ఈ పూటకి నీ తరఫున. సాయంత్రం సంగతి చెప్పలేను. తొమ్మిది మంది పిల్లలయ్యా! నాకూ కాస్త నిద్ర పట్టాలి."

"స్విచ్ ఎక్కడ?"

"ఇక్కడ ఆన్ చెయ్యడమే ఉంది, ఆఫ్ లేదు. మావాళ్ళకి మామీదే నమ్మకం లేక తీసేశారు. కత్తెర మలుపు రాయి కింద పాతిపెట్టిన ట్రాన్స్‌మిటర్ మోగుతూనే ఉంది. తవ్వే టైం లేదు. బండి దాని దగ్గరికి రాగానే పెట్టె తిరగబడుతుంది." ఆమె డాక్టరు చేతులు కుర్చీకి కడుతూ అంది, "పెట్టె బతికుంటే."

పెట్టె బతికుంటే.

వర్తకులు కొండ కొలిచారు. మలుపులు లెక్కపెట్టారు, గాలి ఎటు వీస్తుందో కూడా చూశారు. ఒక్కటే చూడలేదు. ఈ కొండమీద ఏ మనిషీ ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని దిగడు. బుద్ధి ఉన్నవాడెవడైనా దిగుడులో ఇంజన్ ఆపుతాడా అనుకున్నారు వాళ్ళు. పెట్రోల్ కొలిచి పోసే డిపో వాళ్ళ దేశంలో లేదు కాబోలు. రైడర్లని వాళ్ళ మానాన వాళ్ళని వదిలేసి ఉంటే, వర్తకుల ప్లాన్ మొత్తం పెట్రోల్ కక్కుర్తి ముందు తుస్సుమనేది.

ఆ కక్కుర్తి మాన్పించింది ఎవరు? నత్త. బోర్డు మీద బొమ్మలు గీసి, అక్క మీద ఒట్టు వేయించి మరీ.

*

పాత బండి ఒక్క తన్నుకి లేవలేదు. రెండో తన్నుకి దగ్గింది. మూడోదానికి లేచింది.

జీవితమంతా నత్త అనిపించుకున్నవాడు ఆ దిగుడులో రాయిలా పడ్డాడు. బ్రేకు నొక్కితే కాలిన రబ్బరు వాసన వచ్చింది కానీ వేగం తగ్గలేదు. సరే, తగ్గించుకునే పని ఇప్పుడు లేదు కూడా. ఒక మలుపులో బూటు మడమ నేలకి రాసుకుని ఊడిపోయింది. ఇంకో మలుపులో ముందు చక్రం అంచు దాకా వెళ్ళి, ఏమనుకుందో ఏమో, తిరిగొచ్చింది. నోట్లో పన్ను, ఛాతీలో గుండె, రెండూ ఒకే తాళంలో కొట్టుకుంటున్నాయి. ఇంట్లో ఆవిడ మొహం ఒక్కటే కళ్ళముందు. వాణ్ణి దింపండి అంది. ఇలా దింపమనలేదు.

బుద్ధిగా ముప్ఫైలో పోతున్నాయి కాబట్టి బండ్లు దొరికాయి. వరస పక్కనుంచి దూసుకుపోతుంటే వెనక రైడర్లు అరిచారు. "బావగారూ! ఎక్కడికండీ!" "చూడండ్రా, మనకి స్పీడు పాఠాలు చెప్పిన మనిషి!"

లోపలి వైపు కొండ, బయటి వైపు లోయ. గాలిపటం పక్కకి చేరడానికి లోయ వైపే ఖాళీ ఉంది. నత్త ఆ ఖాళీలోకి దూరాడు. కింద కత్తెర మలుపు కనిపిస్తోంది. మలుపులో తెల్లరాయి.

"తాళం తియ్యరా!"

గాలిపటం తిరిగి చూసి నవ్వాడు. "పరీక్ష పెడుతున్నావా బావా?"

"తియ్యి! ఇప్పుడే తియ్యి!"

"నేనెందుకు తీస్తాను? అక్క మీద ఒట్టేశాను! కింద ఆగేదాకా ముట్టుకోను!"

ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి ఒక మనిషి అతని మాట విన్నాడు. చావుకొచ్చింది. తనే చెయ్యి చాపి ఆ తాళం లాగేద్దామంటే రెండు బండ్లూ కలిసి లోయలోకి పోతాయి. తెల్లరాయి పెరుగుతోంది. చేతి మీద గడియారం జుమ్మనడం మొదలుపెట్టింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టరా!"

"గట్టు లేదన్నావుగా!"

"ఉంది! నేనేరా గట్టు! నా మీద పెట్టు!"

గాలిపటం అప్పుడు చూశాడు బావ మొహం. ఆ వాపు, ఆ చెమట. బావకీ లోయకీ మధ్య జానెడు రోడ్డు. నవ్వు పోయింది. ఎడమ చెయ్యి వచ్చి ట్యాంకు మీద రెండుసార్లు చరిచింది. ఆ చెయ్యే తాళం మీదకి పోయి తిప్పేసింది.

చేతికి చెవులుండవు. ఆ చప్పుడుకి మాత్రం ఉంటాయి. వెనక ఎనిమిది చేతులు ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకదాని తర్వాత ఒకటి ఇంజన్లు ఆరిపోయాయి, వీధి చివరనుంచి దీపాలు ఆర్పుకుంటూ వస్తున్నట్టు. కొండమీద ఒక్కసారిగా గాలి చప్పుడు, టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. చెయ్యీ కాలూ బిగించి, పాత పద్ధతిలో, పాత భయంతో బ్రేకులు పట్టారు.

తెల్లరాయి దగ్గర గడియారం చెయ్యి ఊడిపోయేలా కొట్టుకుంది. ట్యాంకుల కింద పెట్టెలు చచ్చి పడున్నాయి. దారి ఎడమకు తిరిగింది. తొమ్మిది బండ్లూ ఎడమకు తిరిగాయి. పదో బండి, పెట్టె లేనిది, తిరగనా మానా అన్నట్టు ఊగిసలాడింది. గాలిపటం చెయ్యి చాపి బావ కాలర్ పట్టుకుని లోపలికి ఈడ్చాడు.

కింద మంత్రి లేచి నిలబడ్డాడు. "చూశారా! అసలు చప్పుడే లేదు! టెక్నాలజీ అంటే ఇదీ!" అన్నాడు మైకులో. అందరూ చప్పట్లు కొట్టారు. పందిట్లోనే ఆర్డరు మీద సంతకం పెట్టేశాడు. పెట్టెలు చచ్చిపోయి ఉండగా పాసైన డెమో అదొక్కటే. ఆ సంగతి నత్త రిపోర్టులో రాశాడు. చిప్‌లు తీసి పెట్టెలు బాగుచేసేదాకా బండ్లు దింపవద్దనీ, పెట్టె ఉన్నా లేకపోయినా కత్తెర మలుపులో గోడ కట్టాలనీ రాశాడు. హెడ్మాస్టర్ మొదటిది ఉంచి, గోడ పేరా కొట్టేశాడు. "మన శాఖ పరిధి కాదు," అన్నాడు ఫోన్లో. స్కేలు చప్పుడు వినబడింది.

సెంటు దొరకలేదు. పళ్ళ డాక్టరు మాత్రం తన కుర్చీకే కట్టేసి, నోటినిండా దూదితో దొరికాడు.

ఇంటినుంచి ఫోన్. "వాడు బాగానే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఒట్టు?"

"ఇంక ఒట్లు వద్దులేవే. ఉన్నాడు. పక్కనే ఉన్నాడు."

*

లాకప్ గదిలో బల్బు, బల్ల, రెండు కుర్చీలు. నత్త ప్రశ్నలు వెయ్యడానికి కూర్చున్నాడు కానీ దవడ తెరుచుకోలేదు. గాలిపటం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బావ వెంట ఎక్కడికైనా వస్తానని మంకుపట్టు పట్టాడు.

సంకెళ్ళలో ఉన్న డాక్టరు ముందుకి వంగి చూశాడు. "కింది దవడ, చివరి పన్ను. చీము పట్టింది. నా వ్యాన్లో సామాన్లన్నీ మీ దగ్గరే ఉన్నాయి. ఒక్క చెయ్యి విప్పితే చిటికెలో అయిపోతుంది."

"ఇంకో డాక్టరు దగ్గరికి పోదాం బావా," అన్నాడు గాలిపటం.

"ఈ కొండమీద ఇంకో డాక్టరు ఎక్కడున్నాడురా?" నత్త డాక్టరు వైపు తిరిగాడు. "నువ్వు నిజంగా డాక్టరువేనా?"

"గూఢచారిగా ఫెయిలయ్యానండీ. డాక్టరుగా ఇంతవరకూ ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు."

నత్త కాపలావాడికి సైగ చేశాడు. ఒక చెయ్యి విప్పారు. సామాన్ల పెట్టె తెచ్చారు. బావమరిది వచ్చి బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

డాక్టరు సిరంజి పైకెత్తాడు. "మత్తు ఇవ్వనా?"

"వద్దు," అన్నాడు నత్త, నోరు తెరుస్తూ. "నీ మత్తులో ఇంజనీరు పాడిన పాట చాలు. ఊరికే పీకు."